తీసుకునేవాళ్ళ జాబితా

కాలరక్క ఆ రోజు మసీదుకి డబ్బు ఇవ్వడానికి వెళ్ళింది. తీసుకోవడానికి కాదు. ఈ సంగతి ముందే గట్టిగా చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే తర్వాత మా షెడ్డులో దీన్నే తిరగేసి చెప్పుకున్నారు, చెప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మాది యూనిఫారాలు కుట్టే షెడ్డు. పద్నాలుగు మిషన్లు, ఒక కటింగు బల్ల, ఒక ఆవిరి ఇస్త్రీ. పనివాళ్ళం మొత్తం పద్దెనిమిది మందిమి. ఆసుపత్రి వాళ్ళకి, బడిపిల్లలకి, గేటు దగ్గర నిలబడే కాపలావాళ్ళకి చొక్కాలు కుడతాం. నేను కాజాల మిషను మీద ఉంటాను కాబట్టి నన్ను కాజా అంటారు. ఇస్త్రీ పెట్టే పెద్దాయన ఇస్త్రీ మామ. ఆమె కాలర్లు కుడుతుంది కాబట్టి కాలరక్క. మా అసలు పేర్లు జీతాల పుస్తకంలో ఉంటాయి, ఎవరి నోట్లోనూ ఉండవు.

కాలరు అంటే ఏముందిలే అనుకుంటారు తొడుక్కునేవాళ్ళు. రెండు మొనలూ అచ్చు ఒకేలా రావాలి. తిరగేసి మొన పొడిచేటప్పుడు ఒక దారప్పోగు అటూ ఇటూ అయినా మనిషి మెడే వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆమె రోజుకి నూట అరవై కుట్టేది, ఒక్కటీ వెనక్కి వచ్చేది కాదు. మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఒక్క గదిలో ఉండేది. నెల జీతం అద్దెకీ తిండికీ మందులకీ సరిగ్గా సరిపోయేది. మిగిలేదల్లా ఏడాదికొకసారి మా యజమాని హాజీ గారు ఇచ్చే కవరు. ఒక నెల జీతమంత. దాన్ని ఆమె ముట్టుకునేది కాదు. హజ్ యాత్ర కోసం దాచేది. అలా పదకొండు కవర్లు దాచింది. వచ్చే ఏడాదికి సరిపోతుందని లెక్క తేలింది, తోడు వెళ్ళడానికి తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

డబ్బు విషయంలో ఆమె పట్టింపు చూస్తే మాకు నవ్వొచ్చేది. బ్యాంకువాడు ఆమె దాచిన దాని మీద వడ్డీ వేస్తే, ఆ వడ్డీ ఎంతో పుస్తకం చూపించి రాయించుకుని, అంత మొత్తం తీసి బస్టాండు పక్క మరుగుదొడ్ల రిపేరుకి ఇచ్చేసేది. వడ్డీ నోట్లోకి పోకూడదని.

"అక్కా, ఆ దొడ్లో నేను రోజూ కూర్చుంటున్నా. నీ వడ్డీ పుణ్యమే," అనేవాడు ఇస్త్రీ మామ.

"పుణ్యం కాదు మామా. పుణ్యానికిచ్చింది వేరే. అది వదిలించుకున్నది. నువ్వు కూడా అక్కడ చేసేది అదేగా," అనేది ఆమె, తల ఎత్తకుండా.

ఇంకొకటి. దాచిన డబ్బు మీద ఏటా నలభైకి ఒకటి చొప్పున జకాత్ తీసేది. జకాత్ అంటే తెలీని వాళ్ళ కోసం చెబుతున్నా. ఇంత వెండి ఖరీదు అని ఒక గీత ఉంది. ఖర్చులు పోను ఆ గీతకి మించి డబ్బు ఏడాది పాటు నీ దగ్గర నిలిచిందా, అందులో నలభయ్యో వంతు పేదవాళ్ళది. దయతో ఇచ్చేది కాదు అది, వాళ్ళ హక్కు. గీతకి అటు ఉన్నవాళ్ళు ఇవ్వాలి, ఇటు ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. అటు ఉండి తీసుకున్నావంటే పేదవాడి నోటి దగ్గరిది లాక్కున్నట్టే. కాలరక్క ఒక్కగది ఆడమనిషి. కానీ పదకొండు కవర్ల వల్ల గీతకి అటు ఉంది. అందుకని ఇచ్చేది. ఇవ్వడం అంటే ఆమెకి మహా గర్వం. ఉన్న ఒక్క గర్వమూ అదే.

ఆ మధ్యాహ్నం నమాజు అయ్యాక నన్ను కూడా రమ్మంది, మసీదు ఆఫీసు గదిలో ఒక్కతే కూర్చోవడం ఎందుకని. నేను గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నిలబడ్డా. మసీదు కమిటీ గుమాస్తా ఆమెని చూడగానే నవ్వాడు.

"అక్కా, తొందరపడి వచ్చినట్టున్నారు. హాజీ గారి కవర్లు వచ్చే వారం కదా?"

"కవర్లతో నీకేం పని? నేను ఇవ్వడానికొచ్చా. రసీదు రాయి."

గుమాస్తా తెల్లమొహం వేశాడు. "మీరు ఇస్తారా?"

"ఏటా ఇస్తూనే ఉన్నాగా, నీ చేత్తోనే రాశావుగా?"

వాడు బీరువాలోంచి పచ్చట్ట పుస్తకం తీశాడు. ఆమె పేరు ఉంది. తర్వాత ఎర్రట్ట పుస్తకం తీశాడు. అందులోనూ ఆమె పేరు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని తల గోక్కున్నాడు.

"పచ్చది ఇచ్చేవాళ్ళది. ఎర్రది తీసుకునేవాళ్ళ జాబితా. ఈ రెండూ నేనెప్పుడూ కలిపి చూడలేదక్కా. మీరు పదకొండేళ్ళుగా రెండింట్లోనూ ఉన్నారు."

"తీసుకునేవాళ్ళలో నేనా? ఎవరిచ్చారు నాకు?"

"హాజీ గారు. ఏటా ఆయన లెక్కలాయన ఈ జాబితా తెచ్చిస్తాడు, పద్దెనిమిది పేర్లు, పక్కన డబ్బు. మేం ముద్ర వేసి రసీదు ఇస్తాం, ఇంత మొత్తం పేదలకి దానం చేశారని. అది చూపిస్తే ఆయనకి పన్ను తగ్గుతుంది."

ఆమె ఎర్రట్ట పుస్తకం తన వైపు తిప్పుకుంది. వేలు పెట్టి చదివింది. "ఇది మా బోనసు."

"నాకు బోనసు సంగతి తెలీదక్కా. ఇక్కడ జకాత్ అని ఉంది."

నా పేరు కూడా ఉందా అని అడిగాను గుమ్మంలోంచి. ఉంది. నాకేం అనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఏదో ఒక పుస్తకంలో ఉన్నాంలే అనుకున్నా. ఆమె మొహం మాత్రం నెత్తురు లాగేసినట్టు అయింది. తెచ్చిన డబ్బు ఇంకా పిడికిట్లోనే ఉంది. ఇవ్వాలో, ఉంచుకోవాలో, అసలది తనదో కాదో ఆమెకి ఆ క్షణాన తెలీదు.

ఇమాము గారు పక్క గదిలోనే ఉన్నారు. సన్నటి మనిషి, మాట నెమ్మది. ఆమె చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు.

"అమ్మా, ఈ కవరు పనిలో చేరేటప్పుడు ఒప్పుకున్నదా? లేక ఆయన తనంతట తాను దయతో ఇచ్చిందా?"

"ఒప్పుకున్నదే. జీతం తక్కువే ఇస్తాను, కానీ ఏడాదికి పదమూడు నెలలు లెక్క అన్నారు. అందుకే చేరా. లేకపోతే రోడ్డవతల షెడ్డులో చేరేదాన్ని."

"అయితే అది జీతం. పని చేయించుకుని, ఆ కూలినే జకాత్ అని రాసుకుంటే అది జకాత్ అవదు. ఆయన పదకొండేళ్ళ జకాత్ మళ్ళీ ఇవ్వాలి. నీ డబ్బు శుభ్రంగా నీది."

"ఒప్పుకోలేదని ఆయన అంటే?"

ఇమాము గారు అదీ చెప్పారు. "అప్పుడు నువ్వు గీతకి అటు ఉండి తీసుకున్నట్టు. తెలీక తీసుకున్నావు కాబట్టి పాపం లేదు. తెలిశాక మాత్రం ఉంచుకోకూడదు. అర్హులకి చేర్చాలి."

అంటే హజ్ డబ్బు మొత్తం.

ఇదీ సంగతి. ఒక మనిషి నోట్లోంచి ఒక్క మాట రావాలి: "అది నీ జీతం." వస్తే ఆమె హజ్‌కి వెళ్తుంది. రాకపోతే లేదు.

ఆ సాయంత్రమే హాజీ గారి గదికి వెళ్ళింది. కాజాల లెక్క చెప్పాలని నేనూ వెనకే వెళ్ళా. హాజీ గారు రెండుసార్లు హజ్ చేసొచ్చారు. గోడ మీద రెండు ఫోటోలు ఉన్నాయి, మొదటిసారి సన్నగా, రెండోసారి లావుగా. పక్క కుర్చీలో లెక్కలాయన. అతనికి ఏ ప్రశ్న అడిగినా ముందు పెన్ను క్యాపు తీస్తాడు.

ఆమె నిలబడే అడిగింది. "హాజీ గారూ, నాకు పైసా వద్దు. పెంచమని అడగను. ఒక్క మాట అనండి చాలు. ఇమాము గారి ముందు, అది జీతమేనని."

హాజీ గారు మొదట నవ్వారు. "దానికేం భాగ్యం..." అనబోయారు. లెక్కలాయన క్యాపు తీశాడు.

"సార్. జీతం అన్నామంటే ఆ దాన రసీదులన్నీ అబద్ధం అవుతాయి. పన్నాఫీసు పదకొండేళ్ళు తవ్వుతుంది, జరిమానాతో సహా. అటు మసీదులో జకాత్ మళ్ళీ మొదట్నుంచి కట్టాలి. పద్దెనిమిది మందిది."

హాజీ గారి నవ్వు అక్కడే ఎండిపోయింది. ఆయన కుర్చీలో సర్దుకుని గొంతు మెత్తగా చేశారు.

"చూడమ్మా. నియ్యత్ అనేది మనసులో ఉంటుంది. నేను కవరు ఇచ్చేటప్పుడు నా మనసులో జకాత్ అనే అనుకున్నా. తీసుకునేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని పైకి అనలేదు. మీ మర్యాద కోసమే చెప్పలేదు."

"మీ మనసులో ఏముందో మాకెలా తెలుస్తుంది? మీ నోట్లో ఉన్నది విన్నాం. నీ పదమూడో నెల జీతం అన్నారు."

"అన్నానా?"

"బీరువా కింద పెట్టించి మరీ అన్నారు."

అది నిజం. పన్నెండేళ్ళ కిందట ఆమె చేరిన రోజు నేనూ ఇస్త్రీ మామా ఆ గదిలోనే ఉన్నాం. ఇనప బీరువా ఈ గోడ నుంచి ఆ గోడకి జరుపుతున్నాం. హాజీ గారు మమ్మల్ని ఆగమని చెయ్యెత్తి, ఆమెతో "ఏడాదికి పదమూడు నెలలు, నా మాట కాగితం కంటే గట్టిది" అన్నారు. ఆమె అప్పుడే ఎకసెక్కంగా అంది, "సరే, బీరువా మోస్తున్న ఈ ఇద్దరూ సాక్షులు" అని. అందరం నవ్వాం. హాజీ గారు కూడా.

ఇప్పుడు ఆయన నవ్వలేదు. "నాకు గుర్తులేదమ్మా," అన్నారు. "అయినా నా సంగతి నువ్వు చూడాలి. ప్రభుత్వం ఒకవైపు పీల్చేస్తోంది. పన్ను కట్టాక నాకేం మిగులుతోంది?"

ఈ మనిషి మాటలు నేను రెండు చోట్లా విన్నాను. పన్నాఫీసు నుంచి మనిషి వస్తే, "మా పేదల్ని మేం జకాత్‌తో చూసుకుంటున్నాం, మళ్ళీ మీకెందుకండీ ఇంత?" అంటాడు. మసీదు నుంచి మనిషి వస్తే, "పన్ను కట్టీ కట్టీ నడుం విరిగింది, ఇంకా జకాత్ ఎక్కడిది?" అంటాడు. రెండు వాకిళ్ళకీ ఒకే నాణెం చూపించి, రెండుచోట్లా మళ్ళీ జేబులో వేసుకుని వస్తాడు. ఆ నాణెం ఎవరిదయ్యా అంటే, మాది. కూలి ఇచ్చి దానమని రాసుకున్నాడు. దానమని రాసి పన్ను ఎగ్గొట్టాడు. అల్లాని ఒక పద్దులో, ప్రభుత్వాన్ని ఒక పద్దులో వేసి, ఆ రెండు పద్దులూ మా మెడ మీద పెట్టి కూడాడు. మేం ఏటా రెండు చేతులతో కవరు అందుకుని దండం పెట్టాం.

ఇమాము గారు ఇద్దర్నీ శుక్రవారం నమాజు తర్వాత రమ్మన్నారు. "నా దగ్గర లాఠీ లేదు, సంకెళ్ళు లేవు. అడుగుతాను, వింటాను, పద్ధతి ఏమిటో చెబుతాను. అమ్మా, ఒప్పందం విన్న ఇద్దరు సాక్షుల్ని తీసుకురా," అన్నారు.

సాక్షులు ఎవరో ఆమెకి వెతుక్కునే పని లేదు. మా ఇద్దరి దగ్గరికీ వచ్చింది. టీ తాగుతున్నాం.

"మామా, కాజా. శుక్రవారం వచ్చి విన్నది విన్నట్టు చెప్పండి. ఎక్కువ చెప్పొద్దు, తక్కువా చెప్పొద్దు."

"అదేం మాట అక్కా, వస్తాం. బీరువా బరువు ఇంకా నా నడుంలో ఉంది, ఎలా మర్చిపోతా?" అన్నాడు మామ.

"వస్తా," అన్నాను నేను కూడా. అప్పుడు నిజంగానే అన్నాను.

బుధవారం పొద్దున్నే కటింగు బల్ల ఖాళీ చేయించి లెక్కలాయన కూర్చున్నాడు. వచ్చే వారం ఇవ్వాల్సిన కవర్లు ఆ రోజే తెచ్చాడు. చూడగానే తెలిసింది, లావుగా ఉన్నాయి. నెల జీతం కాదు, నెలన్నర. ఒక్కో కవరు పక్కన ఒక్కో కాగితం పెట్టాడు. నేను పైనుంచి కిందికి మొత్తం చదివాను. మూడే ముక్కలు. నేను జకాత్‌కి అర్హుణ్ణి. ఇప్పటిదాకా ఏటా అందుకున్నది జకాత్‌గానే అందుకున్నాను. జీతం గురించి వేరే ఒప్పందం ఏదీ, నాకు గాని నా ఎదుట ఇంకెవరికి గాని, జరగలేదు. కింద గీత, సంతకానికి.

"సంతకం పెట్టనివాళ్ళకి?" అడిగాను.

"బలవంతం లేదు," అన్నాడు లెక్కలాయన. "కవరూ లేదు."

మామే ముందు లేచాడు. కుడికంట్లో పొర పెరిగిపోయి ఆయన చొక్కా అంచులు తడుముకుంటూ ఇస్త్రీ చేస్తున్నాడు. ఆపరేషన్‌కి ఆసుపత్రివాళ్ళు ముందు డబ్బు కట్టమన్నారు.

"మామా, శుక్రవారం..." అన్నాను.

"ఒరే, మనం అర్హులం అవునా కాదా?"

"అవును."

"మరి ఇందులో అబద్ధం ఏముందిరా? మనం ఇంత బీదవాళ్ళమని ఇన్నాళ్ళకి ఒకడు కాగితం మీద ఒప్పుకున్నాడు. దానికే సంతోషించాలి."

"మూడో ముక్క చదివావా?"

"నా కంట్లో పొర ఉందిరా," అన్నాడు. కాగితం దగ్గరగా కూడా తీసుకోలేదు. సంతకం పెట్టాడు.

నాకు మూడు నెలల అద్దె బాకీ. ఇంటాయన మా వాటా నీళ్ళు ఆపేశాడు. మా ఆవిడ పక్కింటి నుంచి బిందెలు మోస్తోంది, ఆ పక్కింటావిడ మొహం ముడుస్తోంది. ఇవన్నీ కారణాలు. కారణాలు ఉన్నాయి కాబట్టి చెబుతున్నా, వాటి వెనక దాక్కోవడానికి కాదు. నేను పెన్ను తీసుకున్నా. నా చేతి కింద నా పేరు నీట్‌గా పడింది. బడిలో కూడా అంత బాగా రాయలేదు.

పదిహేడు సంతకాలు అయ్యాయి. పద్దెనిమిదో కాగితం బల్ల మీద అలాగే ఉంది. కాలరక్క మిషను ఆపలేదు. అందరివీ అయ్యాక లేచి వచ్చి, ఒక్కో కాగితం తిప్పి చూసింది. నాది చూసింది.

"సంతకాలేనా? వేలిముద్రలు లేవే," అంది.

లెక్కలాయన కాగితాలు సర్దుకున్నాడు.

"చదువుకున్నవాళ్ళు," అంది, వెళ్ళి మళ్ళీ కూర్చుంది. ఆ రోజు కూడా నూట అరవై కాలర్లు తేలాయి. ఆ కాలర్లున్న చొక్కాలకే నేను కాజాలు వేశాను.

శుక్రవారం నమాజు అయింది. మామ వెనక గేటు నుంచి జారుకున్నాడు. నేనూ జారుకునేవాణ్ణే. కానీ నా చెప్పులు ముందు గేటు దగ్గర ఉన్నాయి. అవి వేసుకుంటుండగా గుమాస్తా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అంతే తప్ప నాకేదో ధైర్యం వచ్చి లోపలికి వెళ్ళానని అనుకోవద్దు.

పక్క గదిలో చాప మీద కూర్చున్నాం. హాజీ గారు, లెక్కలాయన, కాలరక్క, ఇమాము గారు. లెక్కలాయన పదిహేడు కాగితాల కట్ట ముందు పెట్టాడు. ఇమాము గారు ఒకటి చదివి, పక్కన పెట్టి, నా వైపు తిరిగారు.

"నువ్వు ఆ రోజు గదిలో ఉన్నావట. ఏడాదికి పదమూడు నెలలు అని ఆయన అనడం విన్నావా?"

ఆమె నన్ను చూడలేదు. తన చేతులు చూసుకుంటోంది. హాజీ గారూ నన్ను చూడలేదు. లెక్కలాయన ఒక్కడే చూశాడు, పెన్ను క్యాపు తీసి.

"బీరువా చాలా బరువుగా ఉందండీ," అన్నాను. "దాని మీదే ధ్యాస. ఏమన్నారో వినలేదు."

ఇంతకంటే సిగ్గులేని మాట నా జన్మలో అనలేదు. గుర్తులేదు అన్నా కాస్త నయంగా ఉండేది.

ఇమాము గారు ఊపిరి వదిలారు. "అడిగినవాళ్ళ దగ్గర సాక్ష్యం లేకపోతే, కాదన్నవాళ్ళు ప్రమాణం చెయ్యాలి. అది పద్ధతి. హాజీ గారూ, తొందర లేదు. రేపు వచ్చినా సరే, ఎల్లుండి వచ్చినా సరే. మీరు ప్రమాణం చెయ్యలేనంటే ఆమె మాటే నిలుస్తుంది. చెయ్యలేననడంలో పరువు తక్కువ ఏమీ లేదు. చేసేముందు ఆలోచించుకోండి."

హాజీ గారు ఆలోచించలేదు. అల్లా పేరు పెట్టి, జీతం గురించి ఆమెతో అలాంటి ఒప్పందమేదీ చెయ్యలేదని అన్నారు. గొంతు వణకలేదు. పొద్దున సరుకు లారీవాడితో మాట్లాడే గొంతే. అయిపోగానే చేతి గడియారం చూసుకున్నారు. లెక్కలాయన మాత్రం ఆ కాసేపూ చాప అల్లిక లెక్కపెడుతున్నట్టు కిందికి చూశాడు.

ఆయన వెళ్ళాక ఇమాము గారు నెమ్మదిగా అన్నారు. "అమ్మా, పైకి తేలింది ఇది. నిజం ఏమిటో నీకు తెలుసు. నీ కష్టం నీదని నీ మనసుకి తెలిస్తే ఆ డబ్బు నువ్వు ఉంచుకోవచ్చు. నేను తప్పు పట్టను. ఆ ప్రమాణం లెక్క ఆయన మెడ మీద ఉంటుంది."

నేను లోపల్లోపల ఎంత సంతోషించానో. ఉంచుకో అక్కా, ఉంచుకో, వెళ్ళిరా, మా తప్పు మాఫీ అయిపోతుంది, అనుకున్నా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదండీ. ఈ డబ్బు మీద ఆయన అల్లా పేరు పెట్టి అబద్ధం వేశాడు. దాన్ని పట్టుకుని నేను మక్కాలో ఆ ఇంటి చుట్టూ ఎలా తిరిగేది? ఒక్కో అడుక్కీ ఆ మాటే వినపడుతుంది. ఆయన జకాత్ అన్నాడు కదా. సరే, జకాతే. అర్హులకి చేరుస్తా."

"తొందరపడొద్దమ్మా."

"పన్నెండేళ్ళు ఆగాను," అంది.

సోమవారం బ్యాంకుకి వెళ్ళింది. తమ్ముడు వచ్చి రోడ్డు మీదే గొడవ పడ్డాడట, పిచ్చెక్కిందా నీకు అని. అక్కణ్ణించి మసీదు గుమాస్తా దగ్గరికి వెళ్ళి అడిగిందట. "నేను పేదవాణ్ణి, జకాత్‌కి అర్హుణ్ణి అని సొంత చేత్తో రాసి సంతకం పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మళ్ళీ పొరపాటున ఎవరికో ఇవ్వకూడదు." గుమాస్తా ఎర్రట్ట పుస్తకం తీశాడు. లెక్కలాయన ఇచ్చిన కాగితాలు అందులోనే ఉన్నాయి, తాజా సంతకాలు పదిహేడు.

మంగళవారం మధ్యాహ్నం, మేం అన్నం తింటుంటే, సంచీతో వచ్చింది. పదిహేడు కవర్లు ఉన్నాయి అందులో. పదకొండేళ్ళని పదిహేడుగా పంచింది. ఆమె కటింగు మాస్టరు దగ్గర మొదలుపెట్టింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఒక్కొక్కరి ముందూ ఆగి ఒకే మాట అంది.

"ఇది జకాత్. జీతం కాదు. ముందే చెప్పి ఇస్తున్నా. తీసుకుంటారా?"

ఒక్కడైనా కాదంటాడేమోనని చూశాను. ఆ ఒక్కడు నేనే అవ్వచ్చని నాకు తట్టలేదు, చూడండి. మాస్టరు తీసుకున్నాడు. గుండీలు కుట్టే అక్కాచెల్లెళ్ళు తీసుకున్నారు, చిన్నది కాస్త ఏడ్చింది, పెద్దది మోచేత్తో పొడిచింది. ఇస్త్రీ మామ కవరు తడిమి చూసి, "అక్కా, నువ్వు మా తల్లివి" అన్నాడు.

"తల్లిని కాను మామా. నీ కాగితం చూసి ఇస్తున్నా."

నా ముందు ఆగింది. "ఇది జకాత్. జీతం కాదు. తీసుకుంటావా?"

"అక్కా..."

"అవునా, కాదా?"

తీసుకున్నాను. ఆ సాయంత్రం అద్దె బాకీ మొత్తం తీర్చేశాను, హాజీ గారి కవరుతో కొంత, కాలరక్క కవరుతో మిగతాది. కుళాయిలో నీళ్ళు వచ్చాయి. మా ఆవిడ స్నానం చేసి, చాలా రోజులకి నవ్వింది. ఆ నీళ్ళు ఎక్కడివో ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు.

ఇంకొకటి జరిగింది, అది కూడా చెప్పాలి. సంచీ ఖాళీ అయ్యాక లెక్కలాయన తన గది నుంచి బయటికి వచ్చాడు. చేతిలో ఆ పద్దెనిమిదో కాగితం, పద్దెనిమిదో కవరు. అతను వెటకారానికి అనలేదు, అదే దారుణం. నిజంగా లెక్క చూసే అన్నాడు.

"అమ్మా, ఇప్పుడు మీ దగ్గర ఏమీ నిలవలేదు కాబట్టి మీరు గీతకి కిందికి వచ్చారు. ఇప్పుడు మీరు అర్హులే. ఏ దోషమూ లేదు. సంతకం పెట్టి తీసుకోవచ్చు."

షెడ్డు మొత్తం చెవులు రిక్కించింది. ఆమె కాగితం తీసుకుంది. చదివింది. మూడో ముక్క దగ్గర గోరు పెట్టింది.

"మొదటి ముక్క నిజమే అయ్యా, మీరు నిజం చేశారు," అంది. "ఈ మూడోది ఎప్పటికీ కాదు."

కాగితం అతని చేతిలో పెట్టేసింది. మిషను మీద ఉన్న తన కత్తెర, మొన పొడిచే పుల్ల, కళ్ళజోడు గుడ్డ తీసుకుని సంచీలో వేసుకుంది. హాజీ గారు తలుపు దగ్గరికి వచ్చి, "ఎందుకమ్మా కోపం, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆమె సలాం చెప్పి వెళ్ళిపోయింది. ఆయన లోపలికి తిరిగి, "కాలర్లకి ఇంకెవర్నైనా చూడండి, ఆర్డరు గురువారానికి పోవాలి," అన్నారు. ఆ ఏడాది కూడా ఆయనకి రసీదు వచ్చింది. పన్ను తగ్గింది.

ఇప్పుడు ఆమె రోడ్డవతల షెడ్డులో ఉంది. అక్కడ కాలరుకి ఇంత అని లెక్క. ఏ పూట కూలి ఆ పూటే చేతిలో పెడతారు. కవర్లు లేవు, పదమూడో నెల లేదు, ఎవరి నియ్యత్‌తోనూ పని లేదు. మొన్న బస్టాండు దగ్గర ఎదురుపడింది. నేను తల దించుకుని పోతుంటే తనే ఆపింది.

"ఏరా కాజా, మామ కన్ను బాగుపడిందా?"

"బాగుపడింది అక్కా. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయంటున్నాడు."

"మంచిది," అంది.

ఊరుకోలేక అడిగాను. "హజ్ సంగతి ఏంచేశావక్కా?"

"మొదట్నుంచి మొదలుపెట్టా. రోజుకి ఎనిమిది కాలర్లు ఎక్కువ కుడుతున్నా. ఆ ఎనిమిదీ దానికే."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నాకు వాళ్ళ షెడ్డులో కాలరుకి ఎంతిస్తారో తెలుసు. ప్రయాణానికి ఎంతవుతుందో కూడా ఆమె నోటే చాలాసార్లు విన్నా. నిలబడ్డచోటే వేళ్ళ మీద లెక్క వేశాను. ధరలు పెరక్కపోతే, చెయ్యి పడిపోకపోతే, ఒక్క రోజు కూడా జ్వరం రాకపోతే, పంతొమ్మిదేళ్ళు.

ఆమెకి యాభై ఆరు.